‘ధైర్యంగా ఉండు’ అనే ముందు

ఏటా నీట్ ర్యాంకులు వచ్చిన నెలా రెండు నెలలకి మన ఇళ్లలో కొన్ని కొత్త ఊళ్ల పేర్లు వినపడతాయి. బిష్కెక్, టిబిలిసి, దవావో. నీట్‌లో అర్హత మార్కులైతే వచ్చాయి గానీ కన్వీనర్ కోటాలో సీటొచ్చే ర్యాంకు కాదు. మేనేజ్‌మెంట్ కోటాకు మన తాహతు చాలదు. లాంగ్ టర్మ్ కోచింగ్ ఒక ఏడాది అయింది, మళ్లీ కూర్చోనంటోంది పిల్ల. విదేశంలో మెడిసిన్‌కి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన ఖర్చు మనకు అందేలా ఉంది. సరే, పంపుదాం అనుకుంటాం. వీసా వచ్చేదాకా పనుల హడావిడి. వచ్చిన రాత్రి అసలు బెంగ మొదలవుతుంది. పదిహేడో పద్దెనిమిదో ఏళ్ల పిల్ల, అంత దూరంలో ఒక్కతీ ఎలా ఉంటుంది?

ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ణి కాబట్టి ఈ బెంగతో వచ్చే తల్లిదండ్రులు నాకు కొత్త కాదు. “పిల్లకి కాస్త ధైర్యం చెప్పండి సార్” అంటారు. చెబుతాను. కానీ ఆ పిల్ల పక్కన నిలబడ్డ అమ్మానాన్నల మొహాలు చూస్తే ముందు కూర్చోబెట్టి మాట్లాడాల్సింది వీళ్లతోనేమో అనిపిస్తుంది.

మనలో మనం ఒక సంగతి ఒప్పుకుందాం. “నువ్వు చదువుకో చాలు, మిగతావి మేం చూసుకుంటాం” అని పెంచాం. ప్రేమతోనే పెంచాం. రెసిడెన్షియల్ కాలేజీలో రెండేళ్లూ లేపింది బెల్లు, పడుకోబెట్టింది బెల్లు. డబ్బు లెక్క చూసుకోవడం, తెలియని మనిషిని దారి అడగడం, జ్వరమొస్తే తనే వెళ్లి మందు తెచ్చుకోవడం వాళ్ల స్టడీ అవర్స్‌లో ఎక్కడా లేవు. అలాంటి పిల్ల విమానం దిగేసరికి చుట్టూ రష్యన్, కిర్గిజ్ మాటలు, ఇంకో రెండు నెలల్లో మంచు. బెదిరిపోతే అది పిరికితనమని ఎలా అంటాం? అలవాటు లేదు, అంతే.

ఇక ఫోను సంగతి. బిష్కెక్‌కీ మనకీ అరగంటే తేడా. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి అమ్మ వీడియో కాల్ చేస్తుంది.

“తిన్నావా?”

“ఆఁ.”

“ఏం తిన్నావ్?”

“మెస్‌లోదే.”

“బాగా చదువుకుంటున్నావా?”

“ఆఁ.”

పక్కనుంచి నాన్న, “డబ్బులున్నాయా తల్లీ?”

“ఉన్నాయ్ నాన్నా.”

“ధైర్యంగా ఉండు, మేమంతా లేమూ?”

“సరే, ఉంటా.”

ఇంతసేపూ తెర మీద మనకు కనపడేది హాస్టల్ గది పైకప్పు, ఒక ట్యూబులైటు. ఫోను మంచం మీద పడేసి మాట్లాడుతోంది. బట్టలు మడతపెట్టుకుంటూ ఉండొచ్చు. ఏడ్చి కళ్లు వాచి ఉండొచ్చు. మనకు తెలియదు, మన ప్రశ్నలూ తెలుసుకునేవి కావు. “ఆఁ” అంటే సరిపోయే ప్రశ్నలవి. పైగా ధైర్యంగా ఉండమని అమ్మానాన్నలు అంత ఆశగా అన్నాక, ‘నాకు భయంగా ఉంది’ అంటే వాళ్ల మాట కొట్టేసినట్టవుతుందని పిల్లకు లోపల ఉంటుంది. ఎకరం తాకట్టు పెట్టిన సంగతి తనకి తెలుసు. తమ్ముణ్ణి చిన్న స్కూలుకి మార్చిన సంగతీ తెలుసు. మనం చెప్పకుండా దాచినవే వాళ్లకు ముందు తెలుస్తాయి.

ఇంకో లెక్క కూడా తనకి సీనియర్లు మొదటి వారంలోనే చెప్పి ఉంటారు. నేషనల్ మెడికల్ కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 54 నెలలకు తగ్గని కోర్సు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్, రెండూ ఆ ఒక్క విదేశీ సంస్థలోనే పూర్తికావాలి. నచ్చలేదని మధ్యలో కాలేజీ మారడం కుదరదు. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్షలో 300కి 150 మార్కులు రావాలి. రాసినవాళ్లలో గట్టెక్కేవాళ్ల కన్నా మిగిలిపోయేవాళ్లే ఎక్కువ. అది దాటాక ఇక్కడ ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ నిజం చేదుగానే ఉంటుంది. కానీ పిల్ల ఒక్కతే మోస్తున్నప్పుడు దీని బరువు వేరు, పంపకముందే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నప్పుడు వేరు.

సరే, దేవుడి మీద భారం వేశాం అంటారు. వేయండి. సూట్‌కేసులో ఆవకాయ డబ్బా పక్కనే వెంకటేశ్వరస్వామి పటమో, బైబిలో, ఖురానో పెట్టని తల్లిని నేను చూడలేదు. అయితే మన నమ్మకాన్ని అలా మూటగట్టి ఇస్తే పిల్లల నమ్మకమైపోతుందా?

1888 సెప్టెంబరులో బొంబాయిలో ఓడెక్కేనాటికి గాంధీకి పంతొమ్మిదేళ్లు నిండలేదు. మాంసం, మద్యం, స్త్రీల జోలికి పోనని తల్లి పుత్లీబాయి కోసం ప్రమాణం చేసి మరీ వెళ్లారు. లండన్‌లో మొదటి రోజుల్లో రాత్రిళ్లు అమ్మ గుర్తొచ్చి ఏడ్చేవాణ్ణని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. తినడానికేం దొరక్క అర్ధాకలితో తిరిగి తిరిగి, ఫారింగ్డన్ స్ట్రీట్‌లో శాకాహార భోజనశాల కనపడ్డాకే కడుపునిండా తిన్నారు. అక్కడ అమ్ముతున్న, శాకాహారం మీద హెన్రీ సాల్ట్ రాసిన పుస్తకం కొని చదివాక, అంతవరకు అమ్మ మాట కోసం పాటించిన నియమం ఆయన సొంత నిర్ణయమైంది. భగవద్గీత మొదటిసారి చదివింది కూడా అక్కడే, ఎడ్విన్ ఆర్నాల్డ్ ఇంగ్లీషు అనువాదంలో, ఇద్దరు థియోసాఫిస్టు సోదరులు పిలిస్తే. అమ్మకిచ్చిన మాట ఆయన్ని కొంతదూరం నడిపించింది, కాదనను. మిగతాది ఆయనే వెతుక్కున్నారు.

మన పిల్లలకూ అలాగే దొరుకుతుంది, మనం అనుకున్న రూపంలోనే దొరక్కపోవచ్చు. ఇంట్లో దీపం ముట్టించని అబ్బాయి హాస్టల్లో నలుగురిని పోగేసి వినాయక చవితి చేస్తాడు. గుంటూరు జిల్లా క్రైస్తవ కుటుంబం అమ్మాయి దవావోలో భాష అర్థంకాని ఆరాధనలో కూర్చుని తేలికపడుతుంది. పాతబస్తీ కుర్రాడు బిష్కెక్ మసీదులో అక్కడివాళ్ల పక్కన నిలబడి నమాజు చేసుకుంటాడు. కొందరు ఏ గుడికీ పోరు, అర్ధరాత్రి తోటివాడు కాచి ఇచ్చిన టీయే వాళ్లకు ఆసరా. కాబట్టి “స్నానం చేసి దణ్ణం పెట్టుకున్నావా?” అని రోజూ హాజరు తీసుకోకండి. అంతకన్నా ముఖ్యంగా, పరీక్ష పోయిన రోజున “దేవుణ్ణి మర్చిపోయావు, అందుకే” అనకండి. భయమేసినప్పుడు పట్టుకుందామనుకున్న చేయి కాస్తా బెత్తం పట్టుకున్నట్టు కనిపిస్తుంది.

ధైర్యం కూడా మనం చూడని చోట పెరుగుతుంది. బిష్కెక్‌లో చదివే మా పాత విద్యార్థిని ఒకమ్మాయి సెలవులకొచ్చినప్పుడు చెప్పింది. అక్కడ మార్ష్రుత్కా అని చిన్న బస్సులుంటాయి. దిగాలంటే డ్రైవరుకి రష్యన్‌లో గట్టిగా ఆపమని చెప్పాలి. నలుగురిలో గొంతెత్తడానికి సిగ్గుపడి, వేరేవాళ్లు ఆపించిన చోట దిగి వెనక్కి నడిచేదట. ఒక సాయంత్రం మంచులో నడవలేక అరిచేసింది. బస్సు ఆగింది. ఆ సంబరం ఇంటికి ఫోన్ చేసి చెబితే వాళ్లమ్మ, “అన్నాళ్లూ చలిలో నడిచావా? టాక్సీలో వెళ్లొచ్చుగా!” అందట. ఆ తల్లి గుండె తరుక్కుపోయి అన్న మాట అది. పిల్ల చెప్పబోయిన గెలుపు మాత్రం అక్కడే ఆగిపోయింది. తర్వాత ఏం జరిగిందని అడిగి చూడండి, పిల్లలు ఎంతసేపైనా చెబుతారు.

భయాలన్నీ బస్సు ఆపడమంత చిన్నవిగా ఉండవు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక ఖార్కివ్‌లో మనవాళ్లు మెట్రో స్టేషన్లలో, నేలమాళిగల్లో తలదాచుకున్నారు. 2024 మే 17 రాత్రి బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీదకు అల్లరిమూకలు వెళ్లాయి. అలాంటి వేళ ప్రార్థనా కావాలి, భారత రాయబార కార్యాలయం నంబరూ కావాలి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో పిల్ల పేరు ముందే నమోదు చేయించండి. రూమ్మేట్ ఫోన్ నంబరు, ఆ రూమ్మేట్ అమ్మగారి నంబరు మీ దగ్గర ఉండాలి.

పగలంతా నిద్రపోతున్నా, క్లాసులు మానేస్తున్నా, ఒక్క స్నేహితురాలి పేరూ ఎత్తకపోయినా, “నేనెందుకూ పనికిరాను” అన్నా అది బెంగ దాటిపోయిందని గుర్తించాలి. దిష్టి తీయించండి, తప్పులేదు. దానితో ఆగకండి, డాక్టరుకు చూపించాలి. ఏం చేయాలో తోచకపోతే ఇక్కడి టెలీ మానస్ నంబరు 14416కి మనమే ఫోన్ చేసి తెలుగులో అడగొచ్చు.

“వచ్చేస్తాను” అని ఏ రాత్రైనా అంటే, ఆ రాత్రికి అప్పు సంగతి, చుట్టాల సంగతి ఎత్తకండి. “ఏమైందమ్మా?” అని అడిగి వినండి. చాలాసార్లు వారం తిరిగేసరికి తనే ఉంటానంటుంది. ఉండలేనంటే తీసుకొచ్చేయాలి. డబ్బు పోతుంది, నలుగురూ నాలుగు మాటలంటారు, పడదాం. అందుకే, విమానం ఎక్కించే ముందే తిరుగు టికెట్‌కు సరిపడా డబ్బు పిల్ల పేరున విడిగా వేయండి. ఏ ఖాతాలో ఉందో చెప్పండి, కార్డు చేతికివ్వండి, అది తీయడానికి మమ్మల్ని అడగక్కర్లేదని కూడా చెప్పండి.