జాబితాను తిప్పి చూడు

ధర్మవరం

చిట్టీ,

కుర్రవాళ్లు బతకడానికి ఏ ఊరు మేలో చెప్పే జాబితా ఫోన్‌లో పంపి, "బెంగళూరే ఫస్టు, పెనుకొండ ఉద్యోగం వద్దని అమ్మకు నువ్వే చెప్పు" అని రాశావు. వద్దనీ చెప్పను, కావాలనీ చెప్పను. జాబితా చూసి నిర్ణయానికి రావడమే నాకు నచ్చలేదు.

మన మగ్గం మీద దిగిన చీరకు షావుకారు ముందువైపు చూసి ధర కట్టడు. తిప్పి, వెనక జరీ పోగు ఎక్కడ తేలిందో వేలితో తడిమి చూస్తాడు. నువ్వూ ఆ జాబితాను అట్లా తిప్పి చూడు.

కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2018లో ఈజ్ ఆఫ్ లివింగ్ సూచీ వేస్తే 111 నగరాల్లో బెంగళూరు 58వది. మన తిరుపతి నాలుగోది. 2021 మార్చిలో మళ్లీ ఇచ్చినప్పుడు, పది లక్షలు దాటిన నగరాల్లో అదే బెంగళూరు మొదటిది. ఈలోగా అక్కడ ట్రాఫిక్ తగ్గిందా, అద్దెలు దిగాయా? కొలత మారింది. రెండోసారి జనం అభిప్రాయానికే నూటికి 30 మార్కులు పెట్టారు, ఆర్థిక సామర్థ్యానికి 15. ఇప్పుడే సంపాదన మొదలుపెట్టే నీకు ఆ పదిహేనే యాభై కావచ్చు. మెర్సర్ సంస్థ లెక్కలో హైదరాబాదు కొన్నేళ్లు వరసగా దేశంలో ముందుంది. అది కంపెనీలు వేరే దేశాలకు పంపే ఉద్యోగులకు భత్యం కట్టడానికి పనికొచ్చే లెక్క, నీ అద్దె గది కోసం వేసింది కాదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వీటిలో ఎక్కడా లేవు. పరీక్ష తప్పాయని కాదు, వాటికి పరీక్షే ఎవరూ పెట్టలేదు. అట్లాగని మన ఊళ్లను వెనకేసుకు రాను. గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు రాకముందు హిందూపురంలో మీ అమ్మ ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి నిలబడింది నీకు గుర్తుండే ఉంటుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా 2019లో కార్ల తయారీ మొదలుపెట్టాక చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి, జీతాలు వచ్చాయి. చీకటి పడ్డాక ఆడపిల్ల నిశ్చింతగా కూర్చొని టీ తాగే చోటు మాత్రం నాకింకా కనబడలేదు.

బెంగళూరూ నాకు తెలుసు. అక్కడ యశ్వంతపురంలో ముగ్గురం ఒకే గదిలో ఉన్నప్పుడు నాకు జ్వరమొస్తే, కింది ఇంటి కన్నడ అవ్వ మూడు రోజులు గంజి కాచి తెచ్చింది. చెంబు మీద మూత, మూత మీద ఉప్పు పొట్లం. ఆ అవ్వకు ఏ సూచీలో మార్కులేస్తారు? అదే ఊళ్లో అద్దె కట్టాక చార్జీలకు లేక ఉగాదికి ఇంటికి రాలేకపోయాను.

నీ లెక్క నువ్వే వేసుకో. అద్దె పోగా మిగిలేదెంత, దారిలో పోయే గంటలెన్ని, జ్వరమొస్తే తలుపు తట్టేదెవరు, రెండేళ్లకు ఇంకో ఉద్యోగం దొరుకుతుందా. ఈ చివరిదాంట్లో బెంగళూరే గెలుస్తుంది, అది దాచను.

వచ్చే గురువారం సెలవు పెట్టి రా. ఆదివారం వద్దు, ఆదివారం ఏ ఊరైనా బాగానే ఉంటుంది. పెనుకొండలో రైలు దిగి, షిఫ్టు వదిలే వేళకు ఎర్రమంచి వెళ్దాం. అక్కడి అమ్మాయిలు ఎక్కడ ఉంటున్నారో, గదికెంత ఇస్తున్నారో, రాత్రిపూట ఎట్లా వెళ్తున్నారో నువ్వే అడుగు. నేను దూరంగా కూర్చుంటాను, మాటల్లో దూరను. మీ అమ్మతో ఆ తర్వాత మాట్లాడదాం.

మీ పెదనాయన