మూత్రం చుక్కలు పడేవారి వుజూ, నమాజు

మూత్రానికి సంబంధించిన మస్అలాలు అడగడానికి మనవాళ్ళు సిగ్గుపడతారు. ఇక్కడ చోడవరంలో ఇలాంటి ప్రశ్నలు నమాజు ముగిసి, అందరూ వెళ్ళిపోయాకే మా వద్దకు వస్తాయి. కొందరు పెద్దలు అదీ అడగరు. వుజూ నిలవడం లేదని జమాఅత్‌కు రావడమే మానేస్తారు. కాబట్టి ముందు లక్షణాలు, ఆ తరువాత ఆదేశాలు తెలుసుకుందాం.

మగవారికి మూత్రసంచి కింద ప్రొస్టేట్ అనే గ్రంథి ఉంటుంది. 50 ఏళ్ళు దాటాక చాలామందిలో అది పెరిగి మూత్రనాళాన్ని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, కూర్చున్న వెంటనే రాదు, ఆగి ఆగి వస్తుంది. అయిపోయాక కూడా ఇంకా మిగిలినట్లే ఉంటుంది. రాత్రి రెండు మూడుసార్లు లేవవలసి వస్తుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు గానీ, తేల్చవలసింది డాక్టరే. స్త్రీలకు కాన్పుల తరువాత కండరాలు సడలి, దగ్గినా తుమ్మినా చుక్క పడవచ్చు. దీనికి వ్యాయామాలున్నాయి, లేడీ డాక్టరు నేర్పుతారు. మంట ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. అతి దాహంతో పాటు మాటిమాటికీ వెళ్ళవలసి వస్తుంటే షుగరు పరీక్ష చేయించాలి. వుజూ నిలవాలని నీళ్ళు తాగడమే మానేసేవారూ ఉన్నారు. చెరకు తోటల్లో ఎండన పనిచేసే మనిషికి ఇది ప్రమాదం. మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది, రాళ్ళూ ఏర్పడవచ్చు.

ఇక ఆదేశాలు. మూత్రం పోసి లేచిన కొద్దిసేపటికి రెండు చుక్కలు పడి ఆగిపోతే అది మాజూరీ కాదు. నాళం వంపులో నిలిచిన మూత్రమే అలా వస్తుంది. మన ఫిఖహ్ గ్రంథాలు ఇస్తిబ్రా అని చెప్పింది దీని గురించే: కాస్త ఆగడం, దగ్గడం, నాలుగడుగులు నడవడం. నేటి డాక్టర్లు కూడా వృషణాల వెనుక నుండి ముందుకు మెల్లగా నొక్కి ఆ చుక్కలు బయటికి తీయమంటారు. తరువాత కడుక్కుని వుజూ చేస్తే సరి. మూత్రపు తుంపరల విషయంలో జాగ్రత్తపడని వ్యక్తికి సమాధిలో శిక్ష పడుతోందని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. అలాగని నమాజు మధ్యలో ఏదో తడి తగిలినట్లు అనుమానం వస్తే వుజూ పోదు. నమ్మకంగా తెలిసినది అనుమానంతో చెరగదు. బట్టపై ముందే కొద్దిగా నీళ్ళు చిలకరించుకుంటే వస్వసా తగ్గుతుంది.

మరి ఎడతెగకుండా పడేవారి సంగతి? హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) తనకు రక్తస్రావం ఆగడం లేదని మొరపెట్టుకున్నారు. అది బహిష్టు కాదు, నరం నుండి వచ్చే రక్తమని దైవప్రవక్త (స) చెప్పి, ప్రతి నమాజుకూ వుజూ చేసుకోమన్నారు. ధర్మవేత్తలు మూత్ర రోగికీ ఇదే వర్తింపజేశారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం, జుహ్ర్ వేళ మొదలైనప్పటి నుండి ముగిసేదాకా వుజూ చేసి ఫర్జ్ చదువుకునేంత విరామం కూడా దొరకకపోతే ఆ వ్యక్తి మాజూర్. ఆ తరువాత ప్రతి వేళలో ఒక్కసారి పడినా మాజూర్‌గానే ఉంటాడు. ఒక పూర్తి వేళ చుక్క పడకుండా గడిస్తే మాజూరీ తొలగిపోతుంది. మాజూర్ ప్రతి వేళ ప్రవేశించాక కొత్తగా వుజూ చేయాలి. ఆ వేళ ముగిసేదాకా ఫర్జ్, నఫిల్, ఖుర్ఆన్ పారాయణం అన్నీ దానితోనే. చుక్కలు పడినా వుజూ పోదు. అపానవాయువు వంటి వేరే కారణంతో మాత్రం పోతుంది. నమాజు పూర్తయ్యేలోపు బట్ట మళ్ళీ తడిసేలా ఉంటే ప్రతిసారీ ఉతకనక్కరలేదు. మస్జిద్ నేల తడవకుండా ప్యాడ్ కట్టుకుని జమాఅత్‌కు నిశ్చింతగా రావచ్చు. ఆరోగ్యవంతులకు ఇమామత్ మాత్రం చేయరాదు.

ఈ సౌలభ్యం ఉందని వైద్యం వాయిదా వేయకండి. చికిత్స చేయించుకోమన్నది కూడా దైవప్రవక్త (స) ఆదేశమే. మూత్రంలో రక్తం కనబడినా, చలిజ్వరం తోడైనా ఆ రోజే చూపించాలి. పొట్ట ఉబ్బి మూత్రం బొత్తిగా రాకపోతే గంటలు కూడా ఆగరాదు. ప్రొస్టేట్ ఉన్నవారికి కొన్ని జలుబు మాత్రల వల్ల కూడా ఇలా బిగుసుకుపోవచ్చు, మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి. నిపుణుడు కావాలంటే విశాఖ కె.జి.హెచ్.లో యూరాలజీ విభాగం ఉంది.