కంపవాతము, నిలిచినపుడు తగ్గు రక్తపుపోటు

పార్కిన్సన్ వ్యాధి, అనగా కంపవాతము గల వృద్ధుడు పడకమీద చక్కగా మాటలాడి, లేచి నిలువగానే తికమకపడినచో ఇంటివారు మతి చెడినదని తలంతురు. రక్తపుపోటు పడిపోవుటయు అందుకు కారణము కావచ్చును. ఈ వ్యాధిలో రక్తనాళములను బిగించు నరములు దెబ్బతినును. అందుచే నిలిచినపుడు నెత్తురు కాళ్లలోనికి దిగి మెదడునకు చాలదు. 2017లో ప్రకటితమైన బోస్టన్ పరిశోధనలో ఇట్టి రోగుల బుద్ధి, పరుండినపుడు కంటె నిటారుగా నుంచినపుడు మరింత మందగించినట్లు తేలినది.

కూర్చుండబెట్టి మాత్రమే చూచిన పోటు దీనిని తరచు పట్టియీయదు. 5 నిమిషములు పరుండిన పిదప ఒకమారు, ప్రక్కన మనిషి యుండగా నిలువబెట్టి 1, 3 నిమిషములకు మరల చూడవలెను. పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని తగ్గినచో వైద్యునకు చెప్పుడు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటు రాయపూరు వంటి చోట చెమటతో నీరు తగ్గి ఈ బాధ హెచ్చును. కంపవాతపు మందులును దీనిని పెంచవచ్చును. వాటిని మార్చుట వైద్యుని పని.