ఆంగ్ల అంత్యప్రాస - శబ్దార్థ పరిశీలన
(గిరీశం ‘విడో’ పద్యం ఆధారంగా)

ప్రాస పద్యానికి శోభ కలిగిస్తుందనే విషయంలో తెలుగు లాక్షణికులకూ ఆంగ్ల లాక్షణికులకూ అభిప్రాయభేదం లేదు. ప్రాసస్థానం ఏది, ఏ వర్ణాల సామ్యాన్ని ప్రాస అనాలి అనే రెండు అంశాలలోనే భేదం ఉన్నది. ఈ భేదాన్ని గుర్తించనందువల్ల ఛందస్సు బాగా తెలిసిన తెలుగు విద్యార్థి కూడా ఆంగ్ల ప్రాసపదాల విషయంలో పొరబడుతూ ఉంటాడు. అక్షరాలు ఒకే విధంగా ఉన్న పదాలన్నింటికీ ప్రాస కుదురుతుందని భావించడం ఒక పొరపాటు. తెలుగు లిపిలో వేరుగా కనబడే పదాలకు ప్రాస లేదని భావించడం మరొకటి. విజయనగరంలో పుట్టిన ఒక ఆంగ్ల పద్యాన్ని ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ప్రాస లక్షణ భేదం

తెలుగు పద్యంలో ప్రాసస్థానం పాదంలోని రెండవ అక్షరం. అక్కడ హల్లు అన్ని పాదాలలోనూ ఒకటే కావాలి. దానిపై అచ్చు ఏదైనా కావచ్చు. ప్రాసకు పూర్వాక్షరం గురువైతే అన్ని పాదాలలోనూ గురువే, లఘువైతే లఘువే ఉండాలి. ఆ పూర్వాక్షరంలోని అచ్చు ఒకటే కానక్కరలేదు. కనుక ‘రామ, భూమి, సీమ, గోము’ అనే పదాలు నాలుగు పాదాల మొదట నిలిస్తే ప్రాస నిర్దోషం.

ఆంగ్లంలో ప్రాసస్థానం పాదాంతం. అక్కడ ఊనిక గల అచ్చు మొదలు చివరివరకు ధ్వని అంతా ఒకటే కావాలి. ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరు కావాలి. ‘కేక్’, ‘బేక్’ అనే పదాలు ఈ నియమానికి సరిపోతాయి. ‘కేక్’, ‘బైక్’, ‘జోక్’ సరిపోవు. ఈ మూడింటినీ తెలుగువారు వాడుకలో పలికినట్లు ‘కేకు, బైకు, జోకు’ అని పాదాదిని నిలిపితే తెలుగు ప్రాస చక్కగా కుదురుతుంది. తెలుగు ప్రాసకు హల్లు ప్రాణం. ఆంగ్ల ప్రాసకు హల్లుతోపాటు దాని ముందరి అచ్చు కూడా ప్రాణం.

ఆంగ్ల ప్రాసకు సన్నిహితమైన లక్షణం సంస్కృతాలంకారశాస్త్రంలోనే కనబడుతుంది. ఉత్తరాంధ్రకు పొరుగునున్న కళింగానికి చెందిన 14వ శతాబ్ది ఆలంకారికుడు విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’ దశమ పరిచ్ఛేదంలో అంత్యానుప్రాసను వివరించాడు. హల్లు తన ముందరి అచ్చుతో కూడి, ఉన్నది ఉన్నట్లుగా, పదాంతంలోనో పాదాంతంలోనో ఆవృత్తం కావడం అంత్యానుప్రాస అని దాని సారాంశం. అచ్చును కూడా చేర్చి చెప్పినందున ఈ లక్షణం ఆంగ్ల ప్రాసకు దాదాపుగా అన్వయిస్తుంది. తెలుగు రగడలలోనూ గేయాలలోనూ కనబడే అంత్యప్రాస ఈ కోవలోనిదే. అందువల్ల ఆంగ్ల ప్రాసను బోధించేవారు ద్వితీయాక్షర ప్రాసతో పోల్చడం కంటె అంత్యానుప్రాసతో పోల్చి బోధించడం సమంజసం.

గిరీశం పద్యంలోని ప్రాసపదాలు

గురజాడ అప్పారావు (1862-1915) విజయనగరంలో చదివి, అక్కడి మహారాజా కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేసినవాడు. తెలుగులో ప్రసిద్ధుడు కాకముందే ఆంగ్లంలో కవిత్వం చెప్పినవాడు. 1883లో ‘సారంగధర’ అనే ఆంగ్లకావ్యం రచించాడు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో విస్తృతమైన ద్వితీయ కూర్పును పొందిన ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం పాత్రకు తగినట్లు ఆయన ఒక చిన్న ఆంగ్ల పద్యాన్ని కూర్చాడు. దాని వస్తువు ‘విడో’, అనగా వితంతువు. మొదటి నాలుగు చరణాలలో మూడేసి పంక్తులు ఒకే ప్రాసతో ముగుస్తాయి. నాలుగవ పంక్తిగా ‘విడో’ అనే సంబోధన పల్లవివలె వస్తుంది. చివరి చరణం జంటప్రాసలతో సాగుతుంది.

ఆ ప్రాసపదాలూ వాటి అర్థాలూ ఇవి. మొదటి చరణంలో ‘ఫోర్’ (నాలుగు), ‘ఫ్లోర్’ (నేల), ‘డోర్’ (తలుపు). రెండవ చరణంలో ‘కేక్’ (తీపిరొట్టె), ‘బేక్’ (కాల్చు), ‘మిస్టేక్’ (పొరపాటు). మూడవ చరణంలో ‘హెల్త్’ (ఆరోగ్యం), ‘స్టెల్త్’ (దొంగచాటు), ‘వెల్త్’ (సంపద). నాలుగవ చరణంలో ‘మేట్’ (జోడు), ‘పేట్’ (నడినెత్తి), ‘ప్రేట్’ (వదరు). చివరి చరణంలోని జంటలలో ‘ప్రేయింగ్’ (ప్రార్థించడం), ‘ప్లేయింగ్’ (ఆడడం) ఒకటి. ‘ఎర్త్’ (భూమి), ‘బర్త్’ (పుట్టుక) మరొకటి.

వీటిలో మూడు విశేషాలు గమనింపదగినవి. ‘ఫోర్’ అనే పదానికీ ‘ఫ్లోర్, డోర్’ అనే పదాలకూ ఆంగ్ల వర్ణక్రమం వేరు. అయినా ధ్వని ఒకటే కనుక ప్రాస చెల్లింది. ‘మిస్టేక్’లో అక్షరాలు ఎక్కువైనా ఊనిక చివరి భాగంపైననే ఉన్నది కనుక అది ‘కేక్’తో కలిసింది. ‘ప్రేయింగ్, ప్లేయింగ్’లలో ఊనిక మొదటి అచ్చుపైన ఉన్నందున రెండు అక్షరాల పొడవున ప్రాస సాగింది. ప్రాసకు కొలత వర్ణక్రమం కాదు, ఊనిక గల ధ్వని అనే నియమం ఈ మూడింటివల్లా తేటపడుతున్నది.

ప్రాసపదాల అర్థసంబంధం

ధ్వనిసామ్యం అర్థసంబంధాన్ని సూచిస్తుందా అనేది తరువాతి ప్రశ్న. ‘హెల్త్, స్టెల్త్, వెల్త్’ పదాలలో చివరి ‘త్’ భావార్థక ప్రత్యయం. తెలుగులో ‘తనం’, సంస్కృతంలో ‘త్వ’, ‘తా’ వంటిది. నయం చేయు అనే అర్థం గల ‘హీల్’తో ‘హెల్త్’కూ, దొంగిలించు అనే అర్థం గల ‘స్టీల్’తో ‘స్టెల్త్’కూ, క్షేమం అనే అర్థం గల ప్రాచీనపదం ‘వీల్’తో ‘వెల్త్’కూ సంబంధం ఉన్నది. మూలపదాలు మూడింటికీ ప్రాస ఉన్నది. ప్రత్యయం చేరి అచ్చు హ్రస్వమైన తరువాత కూడా మూడింటికీ ప్రాస నిలిచింది. ‘ఎర్త్, బర్త్’ జంట అటువంటిది కాదు. ‘బర్త్’లోని ‘త్’ కను అనే అర్థం గల ‘బేర్’కు సంబంధించిన ప్రత్యయం, ‘ఎర్త్’లోనిది అటువంటి ప్రత్యయం కాదు. కాబట్టి ప్రాసను చూసి పదాలకు చుట్టరికం కల్పించడం యుక్తం కాదు.

చుట్టరికం లేని అర్థాలను పక్కపక్కన నిలపడమే కవి ప్రాసతో సాధించే ప్రయోజనం. ఆరోగ్యం, దొంగచాటు, సంపద అనే మూడు అర్థాలు ఒకే ధ్వనితో ముగియడంవల్ల ఉపవాసాలు చేసే వితంతువు చాటుగా కూడబెట్టుకొంటున్నదనే పరిహాసం వినగానే నాటుతుంది. ప్రార్థననూ ఆటనూ జంట చేసిన ప్రాసలోనూ ఇదే వైఖరి. ఆ నవ్వు గిరీశానిది. నాటకంలోని బుచ్చమ్మ బాల్యంలోనే వితంతువై పుట్టింట ఉన్న స్త్రీ. ‘నాలుగు, నేల, తలుపు’ అనే మూడు మాటలూ గిరీశానికి ప్రాసపదాలు. అటువంటి స్త్రీకి దినచర్య. కన్యను అమ్మి వృద్ధునికి కట్టబెట్టే ఆచారం ఎందరిని ఆ స్థితికి తెచ్చిందో చూపిన నాటకంలోనే ఈ తేలిక ప్రాస ఉండడం గురజాడ వ్యంగ్యానికి నిదర్శనం. ప్రాసపదాల అర్థం తెలియని పాఠకుడికి హాస్యం అందదు. హాస్యం అందనివాడికి దాని వెనుకనున్న వేదన అసలే అందదు.

లిపి, ధ్వని

ఆంగ్ల వర్ణక్రమం ముద్రణ వ్యాప్తితో క్రమంగా స్థిరపడింది. ఇంగ్లండులో కాక్స్‌టన్ ముద్రణాలయం 1476లో వెలసింది. 15వ శతాబ్ది నుండి 18వ శతాబ్ది వరకు ఆ భాషలోని దీర్ఘాచ్చుల ఉచ్చారణ మాత్రం మారుతూ వచ్చింది. రాత నిలిచి పలుకు కదలినందువల్ల, ఒకే విధంగా ముగిసినట్లు రాసే ‘వర్డ్’ (మాట), ‘లార్డ్’ (ప్రభువు) పదాలకు నేడు ప్రాస లేదు. వేరువేరుగా రాసే ‘వర్డ్’, ‘బర్డ్’ (పక్షి), ‘హర్డ్’ (వినబడిన) పదాలకు ప్రాస ఉన్నది. ఇక్కడ తెలుగు లిపి సత్యాన్ని చూపుతుంది. అయితే ‘ఎర్త్’, ‘బర్త్’ అని రాసే అలవాటు ఆంగ్లంలో ఒకటే అయిన అచ్చును ఎకార, అకారాలుగా చీల్చి, ఉన్న ప్రాసను మరుగుపరుస్తుంది. ఏ లిపి అయినా చెవికి ప్రత్యామ్నాయం కాదు.

రాత ఒకటి, పలుకు ఒకటి అయిన స్థితిని ఆంగ్లంలో చూసిన ఉత్తరాంధ్ర పండితులే తెలుగులోనూ ఆ అంతరాన్ని ప్రశ్నించడం గమనార్హం. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆంగ్లంలో సమర్పించిన అసమ్మతిపత్రం వ్యావహారిక భాషావాదానికి ముఖ్యాధారం. నేటి శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి, వినికిడినే ప్రమాణంగా గ్రహించి సవర భాషను నేర్చి, దాని వ్యాకరణాన్ని 1931లో ప్రకటించాడు.

బోధనకు ఒక మార్గం

ప్రాసపదాలను అర్థాలతో సహా వర్గీకరించి నేర్పే పద్ధతి ప్రాచ్యవిద్యకు కొత్త కాదు. ‘అమరకోశం’ తృతీయకాండలోని నానార్థవర్గం పదాలను కాంతాలు, ఖాంతాలు అంటూ చివరి హల్లును బట్టి కూర్చింది. ఆ క్రమంలో ‘కేక్, బేక్, మిస్టేక్’ కాంతాలవుతాయి. విశ్వనాథుని లక్షణాన్ని జోడించి, హల్లు ముందరి అచ్చును బట్టి మరల విభజిస్తే ఆంగ్ల ప్రాసవర్గం సిద్ధిస్తుంది. కొడుకు అనే అర్థంలోనూ సూర్యుడు అనే అర్థంలోనూ ఒకే విధంగా పలికే ‘సన్’ వంటి పదాలను ఈ వర్గంలో చేర్చక వేరుగా ఉంచాలి. వాటి ముందరి హల్లు కూడా ఒకటే కనుక అవి ప్రాసకంటె యమకానికి దగ్గరివి.

ఈ విధంగా వర్గం మొదట చెవికి, తరువాత అర్థానికి, చివర వర్ణక్రమానికి వశమైతే, అమరం వల్లించిన విద్యార్థికి ఆంగ్ల పదసంపద పరాయిదిగా తోచదు. శబ్దాన్ని అర్థంతో కలిపి ధారణ చేయడం అతనికి అలవడిన విద్యయే.