వీడియో కాలులో మాట వినబడనప్పుడు చేయవలసిన పరీక్షలు



చేనిగట్టున నిలిచి, తెగులు సోకిన ఆకును సెల్‌ఫోనులో చూపుచు వ్యవసాయాధికారి సలహా నడుగుట ఇప్పుడు మన చెరుకుపల్లి, ఆరుంబాక, కావూరు ప్రాంతములయందు వింత కాదు. 2020వ సంవత్సరమున కోవిడు వలన రాకపోకలు నిలిచిన దినములలో ఈ పద్ధతి పల్లెలలోనికి బాగుగ వ్యాపించెను. దూరదేశములలోనున్న బిడ్డలతో మాటలాడు తలిదండ్రులకును ఇదియే ఆధారము. అయితే మేము గ్రామములకు పోయినప్పుడు "బొమ్మ చక్కగా కనబడుచున్నదండీ, మా మాట మాత్రము వారికి వినబడుట లేదు" అనువారును, "మాట తెగి తెగి పోవుచున్నదట" అనువారును తరచుగా కనబడుచున్నారు. వీరిలో కొందరు వెంటనే ఫోనును బాగుచేయు అంగడికి పరుగెత్తుదురు. కొందరు క్రొత్త ఫోనే కొందురు. ఈ దోషములలో పెక్కింటిని ఖర్చులేకుండ ఇంటనే సరిచేసికొనవచ్చును. అందుకు క్రమము తెలిసిన చాలును. ఆ క్రమమే నేటి పాఠము.

దీనిని చిన్న విషయమని త్రోసివేయరాదు. ఒక రైతు తన మినుపచేనిని అధికారికి చూపుచు "ఇంకా మందు కొట్టలేదండీ" అని చెప్పెననుకొందము. మాట తెగి, చివరనున్న "లేదండీ" పోయినచో అధికారి మందు కొట్టుట అయిపోయినదని తలచి వేరొక సలహా చెప్పును. పిమ్మట ఆయన "పది లీటర్ల నీటికి ఇరువది మిల్లీలీటర్లు" అని చెప్పగా, ఆ "పది" యను మాట దారిలో పడిపోయినదనుకొందము. రైతు లీటరు నీటికే ఇరువది యని కలిపినయెడల మోతాదు పది రెట్లగును. పైరు మాడును, ఖర్చు పెరుగును, పిచికారి చేయు మనిషికే అపాయము కలుగును. కావున మాట సరిగా వినబడుట పంటకును ప్రాణమునకును సంబంధించిన విషయము.

మాట పోవు దారి

మన నోట వెడలిన మాట ఫోను అంచుననున్న సన్నని రంధ్రములో ప్రవేశించును. దాని వెనుక వడ్లగింజకంటె చిన్నదైన మైకు కలదు. అందులోని పొర తలవెండ్రుకకంటె ఎన్నో రెట్లు పలుచనిది. మాటకు ఆ పొర అదరును; ఆ అదురు విద్యుత్తుగా మారును. ఫోను దానిని అంకెలుగా మార్చి వాట్సాప్ వంటి యాప్‌నకు అందించును. యాప్ ఆ మాటను సామాన్యముగ 20 మిల్లీసెకండ్ల చొప్పున, అనగా సెకండునకు 50 చొప్పున, తునుకలు చేసి ఇంటర్నెట్టుద్వారా పంపును. ఆవలి ఫోను వానిని వరుసగా కూర్చి స్పీకరులో పలికించును. "పది" యని మనము పలుకునంతలో ఇట్టి తునుకలు పది పదునైదు పోవును. అవి దారిలో తప్పిపోయినచో ఆ మాటయే లేకుండ పోవును.

కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివరి భూములు సాగుచేయు మనకు ఈ దారి నర్థము చేసికొనుట కష్టము కాదు. చేనికి నీరెక్కనప్పుడు తెలివిగల రైతు వెంటనే ప్రకాశము బ్యారేజీని నిందింపడు. తన బోదె పూడినదేమో, తూము మూసియున్నదేమో, పంటకాలువలో తూటికాడ అడ్డుపడినదేమో అని ఒకదాని వెంట నొకటి చూచుకొనుచు పోవును. ఇక్కడను అంతియే. మైకు రంధ్రము బోదె వంటిది. యాప్‌నకు మన మిచ్చిన అనుమతి తూము వంటిది. ఇంటర్నెట్టు పంటకాలువ వంటిది. మాట బొత్తిగా పోనిచో తరచుగా బోదె పూడియుండును, లేక తూము మూసియుండును. మాట పోవుచు ఆగుచు నున్నచో తరచుగా కాలువలో ప్రవాహము చాలకుండును.

మూడు పరీక్షలు

మరియేమియు ముట్టుకొనకముందు ఈ మూడు పరీక్షలు చేయవలెను. వీనికి ఐదు నిమిషములు చాలును.

1. ఫోనులోని వాయిస్ రికార్డరును తెరచి, పది సెకండ్లు మాటలాడి, తిరిగి వినుడు. మాట వినబడనిచో, లేక నూతిలోనుండి వచ్చినట్లున్నచో, దోషము మైకు దగ్గర నున్నది.

2. రికార్డరులో మాట బాగుగనున్నచో వాట్సాప్‌లో ఇంటివారి కొకరికి వాయిస్ మెసేజి పంపి, దానిని మీరే వినుడు. రికార్డరులో మాట యుండి ఇందులో లేనిచో, మైకు మంచిదే. వాట్సాప్‌నకు అనుమతి లేదని గ్రహింపవలెను.

3. ఈ రెండును బాగుగనున్నచో వేరొకరికి వీడియో కాలు చేయుడు. వారికి వినబడి, మొదటివారికి మాత్రమే వినబడనిచో దోషము మనయందు లేదు. వారి స్పీకరో, వారి సిగ్నలో చెడియుండును. ఎవ్వరికిని సరిగా వినబడనిచో మన సిగ్నలును, ఇయర్‌ఫోనులను, కాలులోని మ్యూట్ గుర్తును చూడవలెను.

మాట బొత్తిగా పోనప్పుడు

మొదట కాలు నడుచుచుండగా తెరమీది మైకు గుర్తును చూడుడు. దానిమీద అడ్డగీత యున్నచో మాటను మనమే మూసినట్లు. ఫోనును చేతులు మార్చుకొనునప్పుడు వ్రేలు తగిలి ఇట్లగుట కలదు. గుర్తును ఒకమారు తాకిన గీత పోవును.

తరువాత బ్లూటూతును చూడుడు. మెడకు వేసికొను ఇయర్‌ఫోను జేబులోనో, పశువుల కొట్టములో చిలుకకొయ్యకో యుండి, ఫోనుతో కలిసియే యున్నచో ఫోను మన నోటిని విడిచి దాని మైకునే వినుచుండును. మన మెంత గట్టిగ అరచినను ప్రయోజనము లేదు. బ్లూటూతును ఆపి మరల కాలు చేయవలెను. తీగ ఇయర్‌ఫోను పెట్టు రంధ్రము గల ఫోనులలో దానియందు దూది, దుమ్ము చేరినచో, ఏమియు పెట్టకున్నను పెట్టినట్లే ఫోను భ్రమించుట కలదు.

మూడవది అనుమతి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో వాట్సాప్, అందులో పర్మిషన్స్, అందులో మైక్రోఫోన్ అను క్రమమున పోయి, యాప్‌ను వాడునప్పుడు అనుమతించునట్లు ఉంచవలెను. ఫోను భాష తెలుగైనచో అక్కడ "అనుమతులు" అని యుండును. ఇదిగాక 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 మొదలు, పైనుండి క్రిందికి లాగు పలకలో అన్ని యాప్‌లకును ఒక్కమారే మైకును మూసివేయు మీట యొకటి పెట్టుకొన వీలున్నది. పిల్లలు ఫోనుతో ఆడునప్పుడు దానిని నొక్కియుండవచ్చును. ఈ ఫోనులలో మైకు పనిచేయుచున్నంతసేపు తెరపై మూల పచ్చని గుర్తు కనబడును. ఐఫోనులలో మైకు ఒక్కటియే పనిచేయునప్పుడు నారింజ రంగు చుక్కయు, కెమేరా పనిచేయునప్పుడు పచ్చని చుక్కయు కనబడును.

నాలుగవది, ఫోనును ఆపి మరల తెరచుట. వేరొక యాప్ మైకును పట్టుకొని విడువనప్పుడు ఇది తరచుగా గుణమిచ్చును.

మైకు రంధ్రము పూడినప్పుడు

దమ్ము చేయు దినములలో బురదయు, నూర్పిళ్ల దినములలో ధూళియు ఈ రంధ్రమును పూడ్చును. కొన్ని ఫోను కవర్లు సరిగా అమరక రంధ్రమును కప్పివేయును. కావున ముందుగ కవరు తీసి రికార్డరుతో పరీక్షింపుడు. పిదప మెత్తని పొడి కుంచెతో రంధ్రము చుట్టును తుడువవలెను. సూదిగాని పిన్నీసుగాని దూర్పరాదు. ఆ పలుచని పొర చిరిగినచో మైకు మార్చుట తప్పదు. నోటితో ఊదినయెడల తేమ లోనికి పోవును. తడిసిన ఫోనును బియ్యములో పాతిపెట్టు అలవాటు కొందరికి కలదు. బియ్యపు నలుసులు రంధ్రములలో చేరి హాని చేయును. ఫోనును కట్టివేసి, రంధ్రము క్రిందికి వచ్చునట్లు గాలి ఆడుచోట నిలిపిన మేలు.

పాత టెలిఫోనులలో మైకు బొగ్గు రవ్వలతో చేయబడియుండెడిది. డేవిడ్ హ్యూస్ అను శాస్త్రజ్ఞుడు బొగ్గుతో పనిచేయు మైకును 1878లో ప్రదర్శించెను. ఆ రవ్వలు గడ్డకట్టి మాట మందగించినప్పుడు రిసీవరును తట్టినచో బాగుపడెడిది. నేటి మైకులో రవ్వలు లేవు. ఫోనును తట్టుట వలన లాభము లేదు.

మరియొక సంగతి. నేటి ఫోనులలో పెక్కింటికి రెండో మూడో మైకులుండును. చెవికి ఆనించి మాటలాడునప్పు డొకటి, స్పీకరు వేసి వీడియో కాలు చేయునప్పుడు మరియొకటి పనిచేయవచ్చును. "మామూలు కాలు బాగుగనే యున్నది, వీడియో కాలులోనే మాట పోదు" అను చిక్కునకు ఇది యొక కారణము. మామూలు కాలులో స్పీకరు వేసి చూడుడు. అప్పుడును మాట పోనిచో రెండవ మైకు చెడినదని అనుమానింపవలెను. దానిని బాగుచేయించువరకు మైకు గల తీగ ఇయర్‌ఫోను పెట్టుకొని పని జరుపుకొనవచ్చును.

మాట తెగి తెగి పోవునప్పుడు

దీనికి ముఖ్య కారణము సిగ్నలు చాలకుండుట. మాటకు వలసిన ప్రవాహము స్వల్పము. బొమ్మకు వలసినది దానికి అనేక రెట్లు. తూము చిన్నదైనప్పుడు రెండు చేలకు ఒక్కమారే నీరు పెట్టిన ఏదియు తడియదు. కావున ఆకును చూపుట ముగియగానే బొమ్మను ఆపి, మాటను మాత్రమే ఉంచవలెను. ఇంటిలోని వైఫై బలహీనముగ నున్నచో దానిని ఆపి ఫోను డేటాతో చూడుడు. గోడలచాటునుండి ఆరుబయటికి గాని మేడమీదికి గాని పోవుడు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో కాలులకు తక్కువ డేటా వాడు ఏర్పాటు కలదు. అదియు కొంత తోడ్పడును.

రెండవ కారణము చప్పుడు. కాలు నడుచునప్పుడు ఫోను ఎడతెగని రొదను గుర్తించి అణచివేయ చూచును. నీటి ఇంజను ప్రక్కన నిలిచి మాటలాడినచో ఇంజను మ్రోతతో పాటు మన మాటలోను కొంత తెగిపోవును. మధ్యాహ్నము దాటిన పిమ్మట వీచు పైరగాలి మైకు రంధ్రమునకు తగిలినను ఇట్లే జరుగును. ఇంజను ఆపి, గాలికి వీపు పెట్టి, ఫోనును జానెడు దూరమున నుంచి, తొందరలేక మాటలాడవలెను.

సంఘ సమావేశములలో ఒకే గదిలోని నలుగురు నాలుగు ఫోనులలో ఒకే కాలులో చేరుట మరియొక పొరపాటు. ఒకరి స్పీకరు మాటను మరియొకరి మైకు పట్టి మరల పంపుటచేత కూతయు ప్రతిధ్వనియు పుట్టును. దానిని అణచు ప్రయత్నములో ఫోను మన మాటనే మ్రింగివేయును. గదికొక ఫోనును మాత్రమే ఉంచి, తక్కిన వానిలో మైకును స్పీకరును కూడ మూయవలెను. ఒకరి తరువాత ఒకరు మాటలాడవలెను.

జాగ్రత్తలు

ఫోను బాగుచేయుదుమని పిలిచి, ఏదో యాప్ వేసికొని తెరను తమకు చూపుమనియు, ఓటీపీ చెప్పుమనియు అడుగు అపరిచితులను నమ్మరాదు. మైకు సరిచేయుటకు ఓటీపీతో పనిలేదు. మోసమున డబ్బు పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది: మందు పేరు, మోతాదు, నీటి కొలత, ఎకరమున కెంత అను నాలుగింటిని మాటవలన మాత్రమే గ్రహించి పిచికారికి పోరాదు. విన్నదానిని తిరిగి అధికారికి చెప్పి "అవును" అనిపించుకొనవలెను. పిదప అదే సంగతిని వ్రాతలో పంపుమని కోరవలెను. వీడియో కాలు ఎంతకును కుదరనిచో ఆకు ఫోటోను పంపి, మామూలు ఫోనులో మాటలాడిన చాలును. 2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 నంబరున తెలుగులోనే, ఉదయము 6 గంటలనుండి రాత్రి 10 గంటలవరకు, ఖర్చులేకుండ మాటలాడవచ్చును.

సంఘములో చదివి చర్చించుటకు ప్రశ్నలు

1. రికార్డరులో మాట యుండి వాట్సాప్ మెసేజిలో లేనిచో దోషమెక్కడ?
2. మాట బొత్తిగా పోకుండుటకును, తెగి తెగి పోవుటకును కారణములలో భేదమేమి?
3. సిగ్నలు చాలనప్పుడు బొమ్మను ఏల ఆపవలెను?
4. మైకు రంధ్రములో సూది ఏల దూర్పరాదు?
5. మోతాదు విన్న పిమ్మట, మందు కలుపుటకు ముందు, రైతు చేయవలసిన రెండు పనులేవి?

చదువను వ్రాయను రాని సభ్యులకు తక్కినవారు ఈ పాఠము చదివి వినిపించి, మూడు పరీక్షలను వారి ఫోనులలోనే చేసి చూపవలెనని కోరుచున్నాము.