‘చెప్పు’ అంటే ఏ చెప్పు?

ఒక మాటకు రెండు మూడు అర్థాలున్నప్పుడు సందర్భానికి తగినదాన్ని కంప్యూటర్ చేత ఎంపిక చేయించడం భాషా సాంకేతికతలో పాత చిక్కే. పక్క మాటలను చూస్తే అసలు మాట అర్థం తేలుతుందని అమెరికా గణితవేత్త వారెన్ వీవర్ 1949లోనే రాశాడు. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్‌లలో తయారయ్యే సినిమాలు హిందీ, తమిళ డబ్బింగులతో, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో బయటికి వెళ్తున్నాయి కాబట్టి ఈ చిక్కు విప్పడం ఇప్పుడు ఉపాధి కూడా.

‘చెప్పు, ఏం కావాలి?’, ‘చెప్పు తెగుద్ది!’ ఈ రెంటిలో తెలుగు ప్రేక్షకుడికి తికమక ఏమీ లేదు. యంత్రం మాత్రం ముందు నామవాచకమా, క్రియా అని తేల్చుకోవాలి. ఇక్కడ తెలుగు ప్రత్యయాలు బాగా అక్కరకొస్తాయి: ‘చెప్పుతో’ నామవాచకమే, ‘చెప్పండి’ క్రియే. కానీ పత్రికల భాషతో శిక్షణ పొందిన మోడల్ ‘తెగుద్ది’ లాంటి వాడుక రూపాల దగ్గర తడబడే అవకాశం ఎక్కువ. అది బెదిరింపని పట్టుకోవడం మరో మెట్టు.

‘పాట’ ఇంకా గట్టి పిండం. రికార్డింగ్ థియేటర్‌లో పాట పాడతారు. 1994లో మొదలైన బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంలోనూ పాట పాడతారు. రెండూ నామవాచకాలే, క్రియ కూడా ఒకటే. ఇక దిక్కు ‘లడ్డూ’, ‘లక్షలు’, ‘ట్యూన్’, ‘గాయని’ లాంటి ఇరుగుపొరుగు మాటలే. 1986లో మైకేల్ లెస్క్ చెప్పిన పద్ధతిలో, నిఘంటువు ఇచ్చిన ఏ అర్థవివరణ ఈ ఇరుగుపొరుగు మాటల వివరణలతో ఎక్కువగా కలిస్తే అదే అర్థం. వివరణ పొట్టిదైతే ఆ పద్ధతి చతికిలబడుతుంది. 2018లో గూగుల్ తెచ్చిన బెర్ట్ అనే భాషా మోడల్ వాక్యాన్ని రెండు వైపులా చూసి, ఒకే మాటకు ఒక్కో సందర్భంలో ఒక్కో సంఖ్యల వరుస ఇస్తుంది. అయినా ‘చెప్పు!’ అన్న హీరోయిన్ చేయి కాలి వైపు వెళ్లిందో లేదో స్క్రిప్టు మాత్రమే చదివే యంత్రానికి తెలియదు.

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ డ్యూయల్ డిగ్రీ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రం ఈ రంగానికి దగ్గరి దారులు. వాక్యాలకు అర్థాల గుర్తులు వేసే పనితో అడుగుపెట్టడం తేలికే, అక్కడే ఆగిపోతే ఎదుగుదల తక్కువ. పైథాన్‌తోపాటు తెలుగు వ్యాకరణం, మాండలికాలు తెలిసినవారు మోడళ్లను పరీక్షించే, సరిదిద్దే పనులకు పనికొస్తారు. ఇంటర్వ్యూకు వెళ్లేవారు ఏదైనా సినిమా సీనులో యంత్రం చేసిన అనువాదాన్ని, అందులోని తప్పులకు కారణాలను రాసుకుని వెంట తీసుకెళ్లడం మంచిది.