వేలంలో రైలింజను కొనే ముందు

చిన్నా, నీకు బొమ్మరైళ్ల పిచ్చి పట్టిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. లెస్టర్‌లో ఉద్యోగం, చేతిలో డబ్బు, అర్ధరాత్రి దాకా ఫోన్లో ఈబే వేలాలు. ఈ మూడూ ఒకచోట చేరితే జేబుకు చిల్లు పడటం ఖాయం. డాంకస్టర్‌లో డాక్టరుగా చేసి రిటైరైన నాకు ఈ సరదా పాతదే. అసలు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ను 1923లో, మాలార్డ్‌ను 1938లో కట్టింది ఈ ఊరి రైల్వే కార్ఖానాలోనే కదా, ఇక్కడ కాపురముంటే ఎవరికైనా ఎంతో కొంత అంటుకుంటుంది. వేలాల్లో నేను చూసినవి, తోటి సేకర్తల దగ్గర విన్నవి నీకు పనికొస్తాయని రాస్తున్నాను.

ముందుగా ఒకటి తెలుసుకో. తప్పుడు వివరాలు రాసేవాళ్లలో మోసగాళ్లు తక్కువ, తెలియనివాళ్లు ఎక్కువ. తాతగారు పోయాక అటక మీద దొరికిన అట్టపెట్టెను మనవరాలు అమ్ముకుంటుంది. ఇళ్లు ఖాళీ చేసే వ్యాపారి కుర్చీలతో పాటు రైళ్లనీ అమ్ముతాడు. వాళ్లకు ఇంజనుకూ ఇంజనుకూ తేడా తెలియదు. పక్కవాడు రాసింది చూసి అదే దించేస్తారు. కాబట్టి రాతను సాక్ష్యంగా తీసుకోకు. నీకు సాక్ష్యాలు రెండే: ఫొటో ఒకటి, అలాంటిది ఇంతకు ముందు అమ్ముడైన ధర రెండోది.

1. అడిగే ధర వేరు, పలికే ధర వేరు.

ఈబేలో వెతికేటప్పుడు 'సోల్డ్ ఐటమ్స్' అన్న ఫిల్టర్ నొక్కు. ఇటీవల నిజంగా అమ్ముడైనవి కనిపిస్తాయి. అది నొక్కకుండా ధర అంచనా వేసేవాడు వేలంలోకి దిగకపోవడమే మేలు.

అడ్డగోలు ధరలు ఎలా పుడతాయో చెబుతాను. స్మోకీ జో అని హార్న్‌బీవాళ్ల బుల్లి ఇంజను ఒకటుంది. నాలుగు చక్రాలది, నంబరు 56025. పిల్లల సెట్లలో విపరీతంగా అమ్ముడైంది, ఇక్కడ పాత సామాన్ల సంతకు వెళ్తే ఏదో ఒక బల్ల మీద కనిపిస్తూనే ఉంటుంది. దానికి ఒకాయన 'వెంటనే కొనండి' కింద 90 పౌండ్లు పెట్టాడనుకో. అది చూసి రెండో ఆయన 95 పెడతాడు, మూడో ఆయన 110. ముగ్గురివీ ఏడాదంతా అక్కడే పడి ఉంటాయి. అమ్ముడైనవాటి జాబితా తెరిస్తే అదే ఇంజను అందులో మూడోవంతు ధరకు పోయి ఉంటుంది. కొత్తగా వచ్చినవాడికి మాత్రం ముందుగా కనిపించేవి ఆ మూడే. అమ్ముడుపోనివే కదా చివరికి మిగిలేవి!

2. 'రేర్' అన్న మాట కనిపిస్తే చదవనట్టే ముందుకు పో.

నిజంగా అరుదైన సరుకున్నవాడు ఆ మాట మీద ఆధారపడడు. కేటలాగు నంబరు, ఏ ఏడాదిది, మామూలు మోడలుకూ దీనికీ తేడా ఎక్కడ అన్నది రాస్తాడు. 'రేర్, వింటేజ్, కలెక్టబుల్' అని మూడూ గుప్పించి నంబరు ఇవ్వనివాడి దగ్గర నీకు తెలియాల్సింది ఏదీ లేదు. 'ప్రొఫెషనల్‌గా వెదరింగ్ చేశారు', అంటే వాడి మాసినట్టు కనిపించేలా రంగులద్దారు అన్నదీ ఇదే కోవలోకి వస్తుంది. చాలాసార్లు దానర్థం ఎవరో బ్రష్షుతో గోధుమరంగు పూశారని.

3. కంపెనీల చరిత్ర కంఠస్థం చెయ్యి.

నీకు విసుగనిపించినా నీ డబ్బును ఎక్కువగా కాపాడేది ఈ పాఠమే. బ్రిటన్‌లో సామాన్యులకు బొమ్మరైలు అంటే హార్న్‌బీ. ఎవరు చేసిన రైలైనా ఆ పేరుతోనే అమ్మకానికి పెడతారు. అందుకే వరసగా గుర్తుపెట్టుకో.

లివర్‌పూల్‌లో మెకానో కంపెనీ పెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇచ్చే రేకు రైళ్లు తెచ్చాడు. అవి పెద్ద సైజువి, ఓ గేజ్. ఆయన పోయాక 1938లో అదే కంపెనీ చిన్న సైజులో హార్న్‌బీ డబ్లో తెచ్చింది. ఇనుప గుండులా బరువుండే లోహపు బాడీలు, పట్టాకు మధ్యలో మూడో రైలు (కమ్మీ). రెండు రైళ్ల పట్టా 1959లో గానీ రాలేదు. మరోవైపు ట్రయాంగ్ అనే పోటీ కంపెనీ మార్గేట్‌లో ప్లాస్టిక్ బాడీలతో చవకగా తయారుచేసి బజారంతా ఆక్రమించింది. 1964లో ట్రయాంగ్ యజమానులే మెకానోను కొనేశారు. 1965 నుంచి పెట్టెల మీద 'ట్రయాంగ్ హార్న్‌బీ' అని రెండు పేర్లూ పడ్డాయి. ట్రయాంగ్ యజమానుల సంస్థ 1971లో కూలిపోయాక, 1972 నుంచి 'హార్న్‌బీ రైల్వేస్'. పాత డబ్లో అచ్చులు చాలావరకు రెన్ అనే కంపెనీకి చేరాయి. 1992 దాకా వాటితో ఇంజన్లు పోసింది ఆ కంపెనీయే.

ఇప్పుడు ఒక లిస్టింగ్ చూద్దాం. '1950ల నాటి అరుదైన హార్న్‌బీ డబ్లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' అని శీర్షిక. మెకానో కాలపు డబ్లోలో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఎప్పుడూ రాలేదు. అక్కడితోనే శీర్షిక తప్పని తేలిపోయింది. ఇక ఫొటో పెద్దది చేసి చూడు. బాయిలరు అంచున మెరుపు ప్లాస్టిక్‌దా, లోహానిదా? చక్రాల మధ్య మూడో రైలును తాకే రేకు ఉందా? పెట్టె పక్కన కాయితంలో 'ఆర్' అక్షరంతో నంబరు ఉందా? 'ఆర్' నంబరు ఉంటే అది ట్రయాంగ్, దాని వారసుల సరుకు. అందులో తప్పేమీ లేదు, మంచి ఇంజనే. కానీ దానికి డబ్లో ధర ఇవ్వక్కర్లేదు. చిక్కేమిటంటే ఈమధ్య హార్న్‌బీ కంపెనీయే లోహపు బాడీలు పోసి, 'డబ్లో' పేరును మళ్లీ పెట్టెల మీదకు తెచ్చింది. వాటిలో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ కూడా ఉంది. కాబట్టి శీర్షికలో డబ్లో అని ఉంటే ఏ కాలపు డబ్లో అని అడుగు.

రెన్ విషయంలో ఇంకా జాగ్రత్త. తక్కువ సంఖ్యలో వచ్చిన రంగులకూ పేర్లకూ గిరాకీ ఎక్కువ కాబట్టి, మామూలు ఇంజనుకు నంబరు చెరిపి కొత్త పేరు అతికించేవాళ్లున్నారు. క్యాబ్ పక్క భాగాన్ని ఏటవాలు వెలుతురులో ఫొటో తీసి పంపమని అడుగు. చెరిపిన పాత అంకెల జాడ రంగు కింద నుంచి పైకి తేలుతుంది.

4. పట్టాకు సరిపోయిందని జత కుదిరినట్టు కాదు.

సైజును 'హెచ్‌ఓ/ఓఓ' అని కలిపి రాసే అలవాటు ఇక్కడ ఉంది. రెండిటి పట్టా వెడల్పూ 16.5 మిల్లీమీటర్లే. కానీ అడుగుకు 3.5 మిల్లీమీటర్ల లెక్కన చేసింది హెచ్‌ఓ, 4 లెక్కన చేసింది ఓఓ. బ్రిటిష్ ఇంజన్లు అసలే సన్నవి, ఆనాటి మోటార్లు వాటి బొమ్మల్లో ఇమడలేదు. అందుకని పట్టాను అలాగే ఉంచి బాడీని పెంచారు. జర్మన్ హెచ్‌ఓ పెట్టెను బ్రిటిష్ ఓఓ ఇంజను వెనక తగిలిస్తే పరుగెత్తుతుంది, కానీ నిజం బండితో పోలిస్తే ఉండాల్సినదానికన్నా చిన్నగా కనిపిస్తుంది.

టీటీ సైజులో గందరగోళం మరీ ఎక్కువ. ట్రయాంగ్ 1957లో అడుగుకు 3 మిల్లీమీటర్ల లెక్కన టీటీ తెచ్చింది. హార్న్‌బీ 2022లో 1:120 నిష్పత్తిలో ఇంకో టీటీ తెచ్చింది. పట్టా రెండిటికీ 12 మిల్లీమీటర్లే, బాడీలు మాత్రం వేర్వేరు సైజులు. అమ్మేవాడికి అవేమీ పట్టవు.

5. 'పట్టా లేదు, నడిపి చూడలేదు' అనేవాణ్ణి నమ్మకు.

ఓఓ ఇంజను మామూలుగా 12 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. అది ప్రాణంతో ఉందో లేదో చూడటానికి పట్టా అక్కర్లేదు. దీర్ఘచతురస్రంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీ, రెండు తీగ ముక్కలు చాలు. ఇంజనును వెల్లకిలా తిప్పి పట్టుకుని ఒక తీగ ఎడమ చక్రానికి, రెండోది కుడి చక్రానికి ఆనిస్తే మోటారు తిరగాలి. మూడు రైళ్ల డబ్లోకైతే ఒక తీగను మధ్యలో ఉన్న రేకుకు, రెండోదాన్ని చక్రానికి ఆనించాలి. ఈ సంగతి అమ్మేవాడికి మర్యాదగా రాసి, వీడియో తీసి పంపమని అడుగు. పంపితే సంతోషం. 'నాకు వీటి గురించి తెలియదండీ' అంటే, అది నడవదనుకుని, విడిభాగాలకు ఇచ్చే ధరే ఇయ్యి. పేజీలో మిగతా సరుకంతా రైళ్లే అయి ఉండి కూడా 'పట్టా లేదు' అన్నాడంటే, నడిపి చూసి, నడవక, ఆ మాట రాశాడన్నమాటే.

రైళ్లకు కరెంటునిచ్చే పాత కంట్రోలర్ల విషయంలో మాత్రం డాక్టరుగా చెబుతున్నాను. 1950ల నాటి ట్రాన్స్‌ఫార్మర్‌కు 'వర్కింగ్' అని రాసినా సరే, ప్లగ్గులో పెట్టకు. దాని రబ్బరు తొడుగు ఎండి పగిలి ఉంటుంది, లోపల ఉన్నది ఇంటి కరెంటు. కొత్త కంట్రోలర్ కొనుక్కో.

6. ఫొటోలో చూపించనిదాన్నే అడిగి చూడు.

ఈ ఫొటోలు పెళ్లిచూపులకు పంపే ఫొటోల్లాంటివి. బాగున్న వైపే తిప్పి తీస్తారు. నీకు కావలసింది అడుగు భాగం, ముందు వెనక కొక్కేలు, చక్రాల అంచులు, బాడీ చాసిస్ మీద కూర్చున్న తీరు. కంపెనీ కేటలాగులోంచి తీసిన బొమ్మ పెట్టినవాడి దగ్గర అసలు కొనకు.

అన్నిటికన్నా భయపడాల్సింది లోహపు తెగులుకు. మజాక్ అనే జింకు మిశ్రమంలో సీసంలాంటి మలినాలు చేరితే లోహం ఏళ్ల తరబడి లోపల్నుంచి పగులుతూ ఉబ్బుతుంది. యుద్ధానికి ముందు నాటి చక్రాలు చేతిలోనే పెళ్లలుగా రాలడం చూశాను. ఇటీవల చైనాలో తయారైన మోడళ్లలోనూ కొన్నిటికి ఈ రోగముంది. ఫొటోలో సాలెగూడు లాంటి సన్నని చీలికలు, వంగిన చాసిస్, చివర్లో బాడీ పైకి లేచి ఉండటం కనిపిస్తే వదిలెయ్యి. దానికి మందు లేదు. ఉబ్బిన చాసిస్ బాడీని కూడా చీలుస్తుంది. అమ్మేవాడు దాన్ని 'చిన్న గీత' అంటాడు.

7. పైన పటారం, లోన లొటారం.

'మింట్ బాక్స్‌డ్' అన్నచోట పెట్టెకే సగం ధర కడతావు. అందుకని ఖాళీ పెట్టెలూ విడిగా అమ్ముడవుతాయి, కొత్తగా అచ్చువేసిన నకిలీ పెట్టెలూ వస్తాయి. పెట్టె మీది నంబరూ లోపలి ఇంజనూ ఒకటేనా అని కేటలాగుతో సరిచూసుకో. ఆ కాలపు అట్ట అంచుల్లో అరుగుతుంది, లోపలి వైపు పసుపెక్కుతుంది. ఇంజను చక్రాలు నల్లగా అరిగి, పెట్టె మాత్రం తళతళలాడుతుంటే ఆ రెండూ ఈమధ్యే కలిశాయని అర్థం.

8. లిమిటెడ్ ఎడిషన్ సర్టిఫికెట్ మీద '5000లో 1' అని ఉంటే, బ్రిటన్‌లో దాన్ని దాచుకున్న ఇళ్లు ఇంకా 4,999 ఉన్నాయన్నమాట.

9. పాట చివర్లో పాడు.

ధర ముందే తేల్చుకుని, ఆఖరి పది సెకన్లలో ఒక్కసారే పాడు. నువ్వు పెట్టిన గరిష్ఠం దాకా ఈబే నీ తరఫున మెట్టుమెట్టుగా పెంచుతుంది, అంతకు మించి పోదు. మూడు రోజుల ముందే పాడితే నీ ఆసక్తి అందరికీ తెలుస్తుంది, ఎదుటివాడికి పంతం పెరుగుతుంది. మనవాళ్లు వేలంవెర్రి అన్నది ఊరికే కాదు. పోస్టేజీ, కొనుగోలుదారు రక్షణ రుసుమూ కలిపి లెక్క వేసుకో. ప్రైవేటు అమ్మకందార్లకు 2024 అక్టోబరులో రుసుము తీసేసి, 2025 ఫిబ్రవరి నుంచి కొనేవాడి మీదకు మళ్లించారు. వేలంశాలలో జరిగే వేలమైతే కమీషను ఇంకా బరువు, పాట మీద నాలుగోవంతు దాకా పడుతుంది.

10. వాళ్ల తెలియనితనం నీకూ పనికొస్తుంది.

'హార్న్‌స్బీ', 'హార్బీ', 'ట్రయాంజిల్ ట్రెయిన్' అని తప్పు స్పెల్లింగులతో వెతుకు. శీర్షిక తప్పుగా ఉంటే మిగతా సేకర్తల కళ్లలో పడదు. అలా ఎవరి పోటీ లేకుండా మంచి సరుకు పోతుంది. 'పాత బొమ్మరైళ్లు, ఒక పెట్టెడు' అని మసక ఫొటో పెట్టిన లాట్లనూ వదలకు. రెండు చక్రాలు ఊడిన వ్యాగన్ల మధ్య డబ్లో ట్యాంక్ ఇంజను బయటపడిన సందర్భాలున్నాయి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు గానీ, తెలియనివాడు అమ్మేటప్పుడు మాత్రం అడవే. మనసు పీకితే, కొన్నాక నిజం చెప్పి నాలుగు పౌండ్లు ఎక్కువ పంపు. నాకు తెలిసిన ఒక పెద్దాయన అలాగే చేస్తాడు. ఆయనకు ఆ ఇళ్లవాళ్లు మళ్లీ మళ్లీ ఫోన్ చేసి, 'అటక మీద ఇంకో పెట్టె ఉంది, వచ్చి చూడండి' అంటారు.

11. పార్సెల్ విప్పేటప్పుడు ఫోన్లో వీడియో ఆన్ చేసి పెట్టుకో.

వివరణకు సరిపడని సరుకు వస్తే, 'రిటర్న్స్ తీసుకోం' అని రాసి ఉన్నా ఈబే హామీ వర్తిస్తుంది. సరుకు చేరిన 30 రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యాలి. లిస్టింగ్ తాలూకు స్క్రీన్‌షాట్లు ముందే తీసి దాచుకో. 'విడిభాగాలకు లేదా రిపేరుకు' అని రాసి అమ్మినదాని మీద మాత్రం నీ వాదన నిలవడం కష్టం. విశాఖలో ఉన్న మీ అన్నయ్యకు ఇక్కణ్నుంచి పంపాలనుకుంటే ఇంకో లెక్క ఉంది. మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. కస్టమ్స్ కాగితం మీద అసలు ధరే రాయించు. అమెరికా నుంచి తెప్పించే సెట్లైతే ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది వస్తుంది. దాన్ని విశాఖ గోడకున్న ప్లగ్గులో పెట్టాడంటే మీ వదిన ఇంట్లోంచి రైళ్లన్నిటినీ బయట పడేస్తుంది.